పోలికలు లేని సమీక్ష

హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న హైమవతిగారిని, పాతాళం అనగానే ఏం గుర్తొస్తోందని అడిగాడు డాక్టర్ ప్రభంజన్. ఆవిడ గుక్క తిప్పుకోకుండా నవలల పేర్లు చెప్పుకుపోయింది.

అదే ఆవిడ జబ్బు. పిల్లల సాహస నవలలు, పురాణ ఫాంటసీలు సమీక్షించే ఆవిడకి విజయవాడ పాఠకులు పెట్టిన పేరు ‘పోలికల పిన్నిగారు’. ఎగిరే గుర్రం కనిపిస్తే చాలు, అది అంతకుముందు ఏ నవలలో ఎగిరిందో, ఎవరి దొడ్లో గడ్డి మేసిందో చెప్పందే వదలదు. ఈసారి పోలికలు పెడితే శీర్షిక ఇంకొకరికిస్తామని పత్రికవాళ్లు చెప్పేశారు. తమ్ముడు శేషు వైద్యం ఆ శీర్షిక మీదే నడుస్తోంది. లారీ గుద్దినప్పట్నుంచీ వాడికి స్పృహ లేదు. వాడికున్నది అక్క ఒక్కతే.

ఆ హెల్మెట్ తగిలించిన ప్రభంజన్ యంత్రం పని సులువే. నవల ఫైలు దానికిస్తే, అలాంటి కథ మెదడులో ఎక్కడున్నా వెతికి సాయంత్రం దాకా నిద్రపుచ్చుతుంది. ఇక చదివేవాళ్లకి అదే మొదటి పుస్తకం.

"సగానికి పెడతానండీ," అన్నాడతను. "పూర్తిగా పెడితే, చదివిందేదో బతికిందేదో దానికి తేడా తెలీదు."

"నేను పాతాళానికి ఎప్పుడెళ్లానయ్యా? పూర్తిగానే పెట్టు. ఒక్క పోలిక మిగిలినా మళ్లీ పిన్నిగారంటారు."

పెట్టేసి అతను భోజనానికెళ్లాడు.

ఈసారి సమీక్షించాల్సిన నవలలో ఒక పిల్ల, స్పృహ తప్పిన తమ్ముడి ప్రాణం తెచ్చుకోవడానికి పాతాళానికి బయలుదేరుతుంది. హైమవతిగారు పాములకి జడిసింది, కాపలా రాక్షసుడి మాటలకి పకపకా నవ్వింది.

మధ్యలో ఆసుపత్రి ఆఫీసు నుంచి ఫోన్. శేషు తలలో రక్తస్రావం మొదలైందనీ, వెంటనే ఆపరేషన్ చెయ్యాలనీ, అక్కగా ఒప్పుకోవాలనీ చెప్పారు.

"శేషు ఎవరండీ? నాకు తమ్ముళ్లు లేరు," అందావిడ మర్యాదగా. "పాపం, ఆ అబ్బాయి వాళ్లెవరో త్వరగా వెతకండి."

ఫోన్ పెట్టేసి చదవడం ముగించింది. సమీక్ష ఒక్క ఊపున రాసి పంపింది. ఒక్క పోలికా లేదు. లోపం ఒక్కటే చూపించింది: తమ్ముడి కోసం ఓ అక్క అంత దూరం వెళ్తుందంటే నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం ఆటోలో ఇంటికెళ్తుంటే అన్నీ తిరిగొచ్చాయి. ముందు నవలలు, తర్వాత గుర్రాలు, చివరికి శేషు.

ఆసుపత్రిలో నర్సు మంచం మీద దుప్పటి మారుస్తోంది.

"ఆఫీసులో నంబరు తప్పనుకున్నారమ్మా," అంది తలెత్తకుండా. "ఫోనెత్తినావిడ ఎవరోగానీ మంచిదట. ఈ అబ్బాయి వాళ్లని త్వరగా వెతకమందట. వాడు పోయేదాకా వెతుకుతూనే ఉన్నారు."