అరువు తగవులు

ఒంటరివాళ్ల క్లాసుకి మొత్తం ఇద్దరే వచ్చారు. ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు కూర్చుని, గోడమీద చెమ్మ మరకని అరగంటసేపు పరీక్షగా చూశారు. బయట పొద్దున్నుంచీ ఒకటే ముసురు.

కాలనీ సంఘం వాళ్లు చిన్న జీతాలవాళ్లకి ఉచితంగా పెట్టిన క్లాసులవి. ఎలా మాట్లాడుకోవాలి, ఎలా పోట్లాడుకోవాలి, పోట్లాడుకున్నాక ఎలా కలిసుండాలి అని ఎనిమిది శనివారాలు చెబుతారు. జంటలకి ఒక గది, ఒంటరివాళ్లకి ఒక గది. ఆమె మొగుడు వెళ్లిపోయి మూడేళ్లయింది. గోడలతో కబుర్లు ఇక చాల్లెమ్మా అని వాళ్లక్కే వెళ్లి పేరు రాయించేసింది.

ఇద్దరికోసం క్లాసు నడపడం కుదరదంది పాఠాలు చెప్పే మేడమ్. పక్కగదిలో జంటలతోపాటు కూర్చోమంది. అక్కడ వారం వారం తగవు సాధన చేయిస్తారు. ఒకరు మనసులో బాధ చెప్పాలి. రెండోవాళ్లు అడ్డురాకుండా వినాలి, విన్నది తిరిగి అప్పజెప్పాలి, ఆ తర్వాతే జవాబు చెప్పాలి.

"మాకు తగవేం లేదండీ. అసలు పరిచయమే లేదు," అన్నాడు లిఫ్టాయన.

"అయితే ఎక్కడైనా అరువు తెచ్చుకోండి," అంది మేడమ్.

పదకొండు జంటలూ పగలబడి నవ్వాయి. అంతకుముందు అరగంటగా ఆ జంటల్లో ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు.

అరువు తెచ్చే పని ఆయనే నెత్తిన వేసుకున్నాడు. తడి తువ్వాలు మంచంమీద పడేస్తున్నానని నన్ను తిట్టండి అని మొదటివారం ఆమెకి నేర్పాడు. ఆమె తిట్టింది. రెండోవారం గ్రీజు బూట్లతో వంటింట్లోకి రావడం. మూడోవారం సినిమాకి తీసుకెళ్తానని ముస్తాబు చేయించి రాకపోవడం. ఆమె తిట్లకి పదును పెరిగింది, ఆయన తలొంచుకుని ఒక్క మాట పోకుండా అప్పజెప్పేవాడు. ఎవరి తగవులివి అని ఆమె అడగలేదు. ఈయన భార్య కూడా వెళ్లిపోయి ఉంటుందిలే అనుకుంది.

నాలుగోవారం క్లాసయ్యాక వాన తగ్గేదాకా మెట్లమీద నిలబడ్డారు. అన్నీ నావేనా, మీ దగ్గర ఒక్క తగవైనా లేదా అన్నాడాయన.

"మా ఇంట్లో తగవులే లేవండి. మా ఆయన ఒక్కనాడూ గొంతు పెంచలేదు. ఒకరోజు పొద్దున్నే సంచి సర్దుకుని, గ్యాస్ కట్టేశావా అని అడిగి వెళ్లిపోయాడు. పోట్లాడి వెళ్లినా బాగుండేది. ఎందుకో తెలిసేది."

ఆయన అయ్యో అనలేదు. వాన తగ్గాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు, ఆమె కూడా నిలబడింది.

ఊళ్లో రోగులందరి దుప్పట్లూ ఇస్త్రీ చేసే మనిషి, ఆ తర్వాతి శనివారం మొదటిసారి తన చున్నీ ఇస్త్రీ చేసుకుంది. అక్క చూసింది. చూసి కూడా నోరు మూసుకుంది. అక్కకి అది చిన్న విషయం కాదు.

ఆవేళ బాధ చెప్పే వంతు లిఫ్టాయనది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు గానీ, ఆమె మొహంలోకి చూడలేదు.

"ఆరోజు నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. నేను పని మీద లిఫ్టు గుంటలో ఉన్నాను. పొద్దున పోట్లాడుకున్నాం కదా, ఇంకా కోపం తగ్గలేదు, కట్ చేశాను. ఆయాసమొచ్చి చేస్తున్నావని నాకేం తెలుసు. నేనొచ్చేసరికి నువ్వు లేవు. ఏదో ఒకటి అను. తిట్టినా సరే."

పక్క జంటలు వాళ్ల తగవులు ఆపేశాయి. ఆమెకి అప్పుడర్థమైంది. ఆ తువ్వాలూ ఆ బూట్లూ ఆ సినిమా, అన్నీ చనిపోయిన మనిషివి. ముందు జాలి కలిగింది. ఆ వెనకే సిగ్గూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. ఐదు వారాలుగా ఈయన చూస్తున్నది తనని కాదు. తను పిచ్చిదానిలా చున్నీ ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చింది.

"నేను ఆవిడని కానండి," అంది. "ఆవిడ బదులు మిమ్మల్ని క్షమించే హక్కు నాకు లేదు."

బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

రెండు శనివారాలు క్లాసు మానేసింది. డ్యూటీ ఉందని అక్కతో అబద్ధమాడింది. తను అన్నదాంట్లో తప్పేముంది? ఏమీ లేదు. అయినా దుప్పట్లకి పెట్టే మడతలు తిన్నగా రాలేదు.

సోమవారం డ్యూటీ దిగి వెనక గేటు దగ్గరికొచ్చేసరికి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని లిఫ్టాయన వానలో నిలబడి ఉన్నాడు. క్షమాపణ చెప్పడానికొచ్చాడనుకుంది. మొహం చూస్తే అలా లేదు.

"మీ మీద నాకు కోపంగా ఉంది," అన్నాడు. "రెండు వారాలు ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చున్నాను. తిట్టాల్సింది తిట్టి వెళ్లొచ్చుగా? ఒక్క ముక్క అనేసి మాయమైపోతే ఎలాగండీ? మీ ఆయన మీకు చేసిందే మీరు నాకు చేశారు."

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. డ్యూటీ దిగిన ఆడవాళ్లు గొడుగులు విప్పడం మానేసి చూస్తున్నారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆమె వెనక్కి తగ్గలేదు.

"మరి మీరు చేసిందేమిటి? నా ఎదురుగా కూర్చుని ఐదు వారాలు ఇంకో మనిషితో మాట్లాడారు. నేనేమన్నా ఫోటో ఫ్రేమునా?"

ఆయన చివరిదాకా విన్నాడు. అప్పజెప్పలేదు.

"నాలుగు వారాలు ఆవిడతోనే మాట్లాడాను, నిజమే. మెట్లమీద మీరు మీ ఇంటి సంగతి చెప్పిన రోజునుంచి మీకోసమే వచ్చాను. అందుకే ఆవిడకి చెప్పాల్సిందేదో చెప్పేసి మీ దగ్గరికి రావాలనుకున్నాను. దానికి జవాబు మీచేత చెప్పించుకోవాలనుకోవడం నా తప్పే. మీరన్నట్టు ఆవిడ బదులు ఎవరూ క్షమించలేరు. అది నాతోనే ఉంటుంది."

వాన జోరు పెరిగింది. ఆమె గొడుగు తెరిచి, కాస్త ఆలోచించి, సగం ఆయనవైపు జరిపింది. కోపమింకా పోలేదంది. నాకూ పోలేదన్నాడు. బస్టాపుదాకా ఇద్దరూ పోట్లాడుకుంటూనే నడిచారు. తగవు మధ్యలో ఉండగానే బస్సొచ్చి ఆగింది. మూడేళ్లుగా ఒక్కరోజు కూడా వదలని బస్సు. ఆమె దాన్ని పొమ్మని చెయ్యూపి, ఆయనవైపు తిరిగింది.

"నాకోసమే వస్తున్నారని నాలుగోవారమే తెలిస్తే, అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది.