కంబళి మీద అబద్ధం

ఆదివారం అమావాస్య... మిట్టమధ్యాహ్నం! దాహంతో ప్రేతాలు సంచరించే ఘోర ఘడియ! పోదనూరు అవతల ఆకాశాన్ని కాటుక మేఘాలు కమ్మేశాయి. పట్టపగలే గుడ్లగూబ ఒకటి వికృతంగా అరిచింది. ఆ భీకర నిశ్శబ్దంలో రంగురంగుల జెండాలు మాత్రం సిగ్గులేకుండా రెపరెపలాడుతున్నాయి... ‘స్వర్ణపురి గార్డెన్స్’ జెండాలు!

ఆ స్వర్ణపురిలో స్వర్ణమూ లేదు, పురమూ లేదు. నల్లరేగడి పొలాన్ని చదును చేసి, సున్నం కొట్టిన రాళ్లు పాతి, ఎక్కడినుంచో పెరికి తెచ్చిన కొబ్బరిచెట్లను నిలబెట్టి, దానికి నగరమని పేరు పెట్టిన మహానుభావుడు సత్యరాజ్. గుంటలో ట్యాంకర్ నీళ్లు పోయించి ఊటబావి అంటాడు. పీలమేడు విమానాశ్రయం పది నిమిషాలే అంటాడు. రెక్కలున్నవాళ్లకు నిజమే.

అంతటి నోరు ఇప్పుడు ఎండిపోయింది. లేఅవుట్ నడుమ అతని పెద్దమ్మ తిరుమలమ్మాళ్ నేల ఉంది. వంశంలోని పెద్దలందరి సమాధులూ అక్కడే. ఆ నేల మీదుగా నలభై అడుగుల రోడ్డు వేస్తేనే మెయిన్ రోడ్డు కలుస్తుంది. రోడ్డు లేకపోతే అనుమతి రాదు. అనుమతి రాకపోతే స్వర్ణపురి మళ్లీ జొన్నచేనే! ముసలామె ససేమిరా అంది. అందుకే ఈ పాడుపని.

ఎదురుగా కుమరేశన్... క్షుద్రోపాసకుడు! అమ్ముడుపోని ప్లాట్లకు పూజలు చేసి బొజ్జ పెంచిన నీచుడు. అతని ముందు, రక్తవర్ణపు ముగ్గు మధ్యలో, కపాలం! మొన్న జేసీబీ సమాధి అంచును గీకినప్పుడు దొర్లిపడిన కపాలం. తన వంశపు తలనే గోనెసంచిలో వేసి తెచ్చిచ్చాడు సత్యరాజ్.

ఆసనానికి నల్ల కంబళి కావాలంటే ఇంటి అటక మీది పాతదే పరిచాడు. వాళ్ల తాతలు పెళ్లిళ్లు చేసిందీ, తగవులు తీర్చిందీ ఆ కంబళి మీదే. అది పరిస్తే పెద్దలు వచ్చి చుట్టూ కూర్చున్నట్టే. దాని మీద అబద్ధమాడినవాడు ఇల్లు చేరడని ఆ ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. సత్యరాజ్‌కూ ఒకప్పుడు తెలుసు. బ్రోచర్లు అచ్చు వేయించడం మొదలుపెట్టాక మరిచిపోయాడు.

“ఆవాహయామి! రా... ఆ పిల్లలో దూరు!” కంబళి మీద కూర్చుని గర్జించాడు కుమరేశన్.

ఫెళ్లున పిడుగు!

తిరుమలమ్మాళ్ మనవరాలు ఆనంది జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి, హద్దురాళ్ల మధ్య నుంచి నడిచి వచ్చింది. వెనకే రొప్పుతూ ముసలామె.

“రేయ్ సత్యా! బిడ్డనేమి చేస్తివిరా, పావీ!”

“కైయెళుత్తు పెట్టెయ్ పెద్దమ్మా,” సత్యరాజ్ సంతకం కోసం నేల కాగితం చాచాడు. “పాప సరిగా అయిపోతుంది. లేకుంటే పొద్దు మునిగేలోపల నెత్తురు కక్కి చచ్చిపోతుందంట. సామి చెప్తుండారు.”

అతని గుండె దడదడలాడుతోంది... పాప కోసం కాదు, వచ్చే ఆదివారం రాబోయే కస్టమర్ల కోసం!

ముసలామె చెయ్యి చాచి కాగితం పట్టుకుంది. “ఇయ్యిరా... పెడతా. నిలం పోతే పోనీ, నా బిడ్డ ఉంటే సాలు.”

అప్పుడు ఆనంది నవ్వింది! ఆ పద్దెనిమిదేళ్ల కంఠంలోంచి మట్టి వాసనతో తలపండిన గొంతొకటి పైకి లేచింది. వేలు మాంత్రికుడి వైపు తిరిగింది.

“కంబళి మింద కూసుండావు. చెప్పు. ఈ మన్ను ఎవురిది?”

సమాధిలోని తన అవ్వ గొంతు గుర్తుపట్టి, తిరుమలమ్మాళ్ కాగితం వదిలేసి చేతులు జోడించింది. “అవ్వా... నువ్వా!”

“సత్యరాజ్‌ది!” కుమరేశన్ అట్టహాసం చేశాడు. “నువ్వు నా బానిసవి!”

రెండు అబద్ధాలు... ఒక్క ఊపిరిలో!

కంబళి నాలుగంచులూ లేచాయి! మాంత్రికుణ్ణి చుట్టేశాయి! హాహాకారాలు... ఎముకలు విరుగుతున్న చప్పుడు... కింద నేల నోరు తెరిచింది. మూట కట్టినట్టు అతణ్ణి లోపలికి లాక్కుని మళ్లీ మూసుకుంది. కంబళి ఒక్కటే పైకి తేలి, మడత లేకుండా పరుచుకుంది. కపాలం ముగ్గులో ప్రశాంతంగా ఉంది.

పారిపోబోయిన సత్యరాజ్ కంబళి అంచు తట్టుకుని దాని మీదే బోర్లా పడ్డాడు.

“నువ్వు చెప్పరా!”

“మీదే అవ్వా! మీదే!” ప్యాంటు తడుపుకుంటూ ఏడ్చాడు ఆ నగర నిర్మాత. “నాది ఏమీ లేదు! బావి కూడా పొయ్యే, అబద్ధమే!”

“ఇదే నోరు పెట్టుకుని బతుకు.”

ఆనంది ఒళ్లు సడలి తిరుమలమ్మాళ్ ఒడిలో వాలింది. కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది.

మరుసటి ఆదివారం రెండు వ్యాన్ల నిండా కస్టమర్లు దిగారు. సత్యరాజ్ ఇస్త్రీ చొక్కాతో, చెరగని చిరునవ్వుతో ఎదురెళ్లి నోరు తెరిచాడు.

“బావి దొంగది సార్. అవి ట్యాంకర్ నీళ్లు. రోడ్డు లే, రాదు. ఆ కొబ్బరిచెట్లు వచ్చే నెలకు ఎండిపోతాయి.”

అదిరిపడి రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి మాటలు వస్తూనే ఉన్నాయి.

“పైసలు ఇయ్యొద్దు సార్. నేను మోసగాణ్ణి.”

వ్యాన్ తలుపులు ధడేలున మూసుకున్నాయి.