అందాజు తప్పితే చప్పట్లు

టైల్స్ అబ్బాయి మొదటి పలకను వంటగది నడిమధ్యన పెట్టగానే అమ్మ కంగారుగా గుమ్మంలోకి వచ్చింది. గది అన్నాక మూల నుంచి మొదలుపెట్టాలి కదా. మధ్యలో మొదలుపెట్టినవాడు మధ్యలోనే వదిలేసి పోతాడని ఆవిడ బెంగ.

కూతురు కుట్టుమిషన్ ఆపి వచ్చింది.

"అలా వేస్తే నాలుగు వైపులా ముక్కలు కొయ్యాలి. ఎన్ని పలకలు వేస్టో తెలుసా?"

"మీరే అందాజు చెప్పండి," అన్నాడతను, టేపు జేబులో దాచేసి. "కొలవకుండా. ఎంత తప్పయినా ఫర్వాలేదు."

కూతురు అతన్ని ఎగాదిగా చూసింది. "బాగా తప్పితే చప్పట్లు కొడతారా ఏంటి?"

అతని చేతిలో తాపీ ఆగిపోయింది. "మీరూ ఆ చప్పట్ల లెక్కల టీచర్ దగ్గరే చదివారా?"

ఆ టీచరు తీరే వేరు. అందాజు చెప్పనిదే ఎవర్నీ పెన్సిల్ ముట్టనిచ్చేవారు కాదు. అందరికంటే దూరంగా చెప్పినవాళ్లకు చప్పట్లు కొట్టించి, బోర్డు మీద వాళ్ల చేతే లెక్క చేయించేవారు. లెక్కలంటే జ్వరం తెచ్చుకునే ఈ పిల్ల కూడా ఆ చప్పట్ల కోసం లేచి వెళ్లి, చివరికి లెక్కల మీదే మనసు పారేసుకుంది.

ఇప్పుడు ఇంకెక్కడో పారేసుకుంటోందని అమ్మకు అనుమానం.

"ఒక్క వంటగదికి ఇన్నాళ్లా బాబూ?"

"అంచులు చూస్తున్నానండీ."

అంచులన్నీ కుట్టుమిషన్ వైపే ఉన్నాయి మరి.

నేల పూర్తయింది. కూతురు నోరు విప్పింది. "అతన్నే చేసుకుంటానమ్మా. నువ్వు సరేనంటేనే."

"మోకాళ్ల మీద బతికేవాడే. రేపు ఆ మోకాళ్లు పోతే? గోడ పలక ఊడి నెత్తిన పడితే?"

కూతురు మిషన్ మీద గుడ్డ కప్పేసింది. ఆ రోజంతా దాని చప్పుడు లేదు. అమ్మకు ఆ నిశ్శబ్దం ఇంకో భయం.

కూతురు కబురు పెడితే, మర్నాడు ఆ లెక్కల టీచరే ఇంటికి వచ్చారు. అమ్మ భయాలన్నీ ఓపిగ్గా విన్నారు.

"సరే చెల్లెమ్మా. ఈ నేల సంగతి ఏమని అందాజు వేశావు?"

"మధ్యలో వదిలేసి పోతాడనుకున్నానండీ."

"పోయాడా?"

అమ్మ వంటగది గుమ్మం వైపు చూసింది. పని ముగిసినా, అద్దంలా మెరుస్తున్న మూలనే ఆ అబ్బాయి మళ్లీ తుడుస్తున్నాడు.

"పొమ్మన్నా పోవట్లేదు."

టీచరు చప్పట్లు కొట్టారు. "ఇంత దూరపు అందాజు నా సర్వీసులోనే వినలేదు. లే, లెక్క నువ్వే చెయ్యాలి."

అమ్మ బెరుకుగా వెళ్లి మొదటి పలక మీద నిలబడింది. అక్కణ్ణుంచి చూస్తే గీతలన్నీ నాలుగు గోడల దాకా తిన్నగా పోతున్నాయి. ఈ గోడ పక్క ముక్క ఎంతో, ఆ గోడ పక్క ముక్కా అంతే. మడమతో గట్టిగా నొక్కింది. పలక కదల్లేదు.

"బాబూ, మోకాళ్ల కింద ఏం వేసుకుంటావు?"

"గోనె సంచండీ."

"నయమే. అమ్మాయ్, దూది కూరి మోకాలి పట్టీలు కుట్టు. పెళ్లికి ముందే కుట్టు."

మిషన్ దగ్గర కుర్చీ కిర్రుమంది.

"గుడ్డ ఎంత పడుతుందో అందాజు చెప్పండి అత్తయ్యా," అన్నాడతను తలొంచుకుని.

అమ్మ రెండు చేతులూ బార్లా చాపింది.

అందరికంటే ముందు కూతురే చప్పట్లు కొట్టింది.