ఏడు మేకుల కపాలం

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు!

నడినెత్తిన ప్రచండంగా మండవలసిన సూర్యుడు కారుమబ్బుల వెనక ఎక్కడో కనుమరుగయ్యాడు. చినుకు లేదు. గాలి లేదు. సముద్రం మీద దూరంగా ఒక ఉరుము... ఏదో మహామృగం నిద్రలో గుర్రుమన్నట్టు! ఒడ్డున వలలు ఆరేసుకుంటున్న వాళ్ళు ఎందుకో ఒక్కసారిగా మాటలు ఆపేశారు.

ఆ క్షణాన్నే ఆ దుకాణం తలుపు కిర్రుమంది.

సముద్రానికి దారితీసే వీధి చివర ఉన్న ఆ చిన్న గదిలో మెటల్ డిటెక్టర్లు అమ్ముతారు, బాగు చేస్తారు. గుండ్రటి కాయిల్స్ గోడ పొడుగునా వేలాడుతుంటాయి. మూల ఒక పెద్ద తొట్టె, అందులో ఉప్పునీళ్ళు, తడి ఇసుక. కొనేవాళ్ళకు మిషన్ పనితనం అందులోనే చూపిస్తారు. దుకాణం నడిపే ఆవిడకి నలభై దాటాయి. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ మిషనక్క. తల్లీ తండ్రీ పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది. పాతికేళ్ళొచ్చినా గాలికి ఎగిరిపోయేలా ఉండే ఆ చెల్లెల్ని పిచ్చుక అని పిలుస్తుంది. పిచ్చుక రోజూ పొద్దున్నే మిషన్ భుజాన వేసుకుని, స్నానాలకొచ్చినవాళ్ళు ఇసుకలో పారేసుకున్న ఉంగరాలు వెతికి తెస్తుంది. ఉంగరాలు ఏడాదికి నాలుగు దొరికితే గొప్ప. సీసా మూతలతో మాత్రం ఇంటికి పైకప్పు వేయొచ్చని అక్క వేళాకోళం.

లోపలికొచ్చిన మనిషి తెల్లటి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. యాభై పైబడిన వయసు. పెద్దమనిషిలాగే ఉన్నాడు... కానీ ఆ కళ్ళు! రెప్ప వేయని కళ్ళు! ఒంటినుంచి వెంట్రుకలు కాలిన వాసన!

"మిషను కావాలి. నీళ్ళలో మునిగినా పనిచెయ్యాలి" అన్నాడు.

"ఎంత లోతు నీళ్ళండీ?"

"మోకాలి లోతు. మహా అయితే నడుం దాకా."

మిషనక్క చవకరకం మిషన్ ఒకటి తీసి తొట్టెలోని తడి ఇసుక మీద ఆడించింది. అది కుయ్యోమని గోల పెట్టింది.

"చూశారా? పొడి ఇసుకలో ఇది రాజానే. తడి తగిలిందంటే ఉప్పుకే కేకలు పెడుతుంది. ఏమీ లేకపోయినా ఉందని చెప్పి మీచేత రోజంతా గోతులు తవ్విస్తుంది." ఆమె ఇంకోటి అందుకుంది. "ఈ పల్స్ మిషన్ అలా కాదు. ఒక దెబ్బ కొట్టి, ఆగి, వింటుంది. ఆలోపు ఉప్పు గొంతు ఆరిపోతుంది. లోహం గొంతు మాత్రం ఇంకా పలుకుతుంటుంది. కాయిల్ నుంచి పెట్టె దాకా ఎక్కడా నీళ్ళు చొరవు. ఒక్కటే చిక్కు... దీనికి బంగారమూ ఇనుమూ ఒకటే. ఏది తగిలినా ఒకేలా అరుస్తుంది. ఇనుము వద్దనుకునేవాళ్ళకి..."

"నాకు ఇనుమే కావాలి."

ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. నవ్వేసింది. "ఇంతకీ ఏం పోగొట్టుకున్నారండీ?"

"మా అమ్మని."

ఆమె నవ్వు పెదవుల మీదే గడ్డకట్టింది.

అతను డబ్బిచ్చి మిషన్ తీసుకున్నాడు. పోతూ పోతూ గోడకు తగిలించిన పిచ్చుక హెడ్‌ఫోన్స్ దగ్గర ఆగాడు. దానికి చిక్కుకున్న పొడవాటి వెంట్రుకను ఒకటి మెల్లగా లాగి వేలికి చుట్టుకున్నాడు. మిషనక్క చూసింది. ఆ చూసినదానికి అర్థమేమిటో అప్పుడు ఆమెకు తట్టలేదు... అయ్యో, తట్టి ఉంటే!

మూడో రోజు పొద్దున్నే అతను మళ్ళీ వచ్చాడు. తెల్లచొక్కా మోచేతులదాకా బురద. కళ్ళు ఎర్రటి నిప్పు కణికలు!

"అడుగడుక్కీ అరుస్తోంది! గాలాలు, తీగలు, డబ్బాలు! నాకు దీని భాష తెలీదు. నువ్వు రా. ఇవాళ అమావాస్య. మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం. సముద్రం ఎన్నడూ పోనంత వెనక్కి పోతుంది."

"పోయినంత వేగంగా మీదికీ వస్తుంది. నేను రాను. మిషన్ నచ్చకపోతే వాపసు ఇచ్చెయ్యండి" అంది ఆమె మొహమాటం లేకుండా.

అతను జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. అందులో చుట్టచుట్టి ఉన్న వెంట్రుక! అగ్గిపుల్ల గీసి దాని కొసకు తాకించాడు. పెదవులు కదిలాయి... హ్రీం... హుం... ఫట్!

వెనకగదిలోంచి పిచ్చుక కేక! గాజు పగిలినట్టు, ప్రాణం చీలినట్టు... మహా భయంకరమైన కేక!

మిషనక్క పరుగెత్తింది. పిచ్చుక నేలమీద విల్లులా వంగిపోయి ఉంది. కనుగుడ్లు తిరగబడి తెల్లగా మెరుస్తున్నాయి. నోరు తెరుచుకుంది. ఆ పాతికేళ్ళ నోట్లోంచి ఓ ముసలి గొంతు, ప్రేమ కారిపోతున్న గొంతు, మెల్లగా పలికింది.

"బాబూ... అన్నం తిన్నావా నాన్నా?"

మిషనక్క వెనక్కి తిరిగింది. గుమ్మంలో నిలబడ్డ మాంత్రికుడు... అవును, వాడు మాంత్రికుడు!... పకపకా నవ్వాడు.

"మా అమ్మ! చచ్చేముందు కూడా అదే అడిగింది. నిద్రలో ఉండగా మొదటి మేకు దించాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, ఏం నాన్నా, ఆకలేస్తోందా అంది! ఏడు మేకులు... ఏడూ నడినెత్తిన దించి, ఆ కపాలాన్ని ఈ సముద్రంలోనే పాతాను. ముప్ఫై ఏళ్ళు ఉప్పునీళ్ళలో నానితే దాని శక్తికి ఎదురుండదు. మేకులు ఏడూ బిగిసి ఉన్నంతవరకు అది నా కుక్క. అవి గాని ఊడితే..."

వాడు మాట మింగాడు. మొదటిసారి ఆ కళ్ళు రెప్ప వేశాయి.

"నా చెల్లెల్ని వదిలెయ్యండి. మీకు దణ్ణం పెడతాను" అంది ఆమె.

"గ్రహణం నిండేలోగా కపాలం నా చేతిలో పెట్టు. వదిలేస్తాను."

ఇంకేం చేస్తుంది? మిషన్ అందుకుంది. ఇసుక జల్లించే పొడుగు పిడి ఉక్కు పారను భుజాన వేసుకుంది.

సముద్రం నిజంగానే అరకోసు వెనక్కి పోయింది. ఎన్నడూ ఎండ చూడని నేల, నాచుతో, కుళ్ళువాసనతో బయటపడి ఉంది. ఆకాశంలో సూర్యుణ్ణి ఒక నల్లటి నోరు అంచునుంచి కొరుక్కు తింటోంది! పట్టపగలు ఒక గుడ్లగూబ పాతపడవ కొయ్య మీద వాలి కూసింది. కాకులన్నీ ఒక్కపెట్టున అరిచి, ఒక్కపెట్టున ఊరుకున్నాయి.

మాంత్రికుడు నీటి అంచున తడి ఇసుకలో బూడిదతో వలయం గీశాడు. భుజాన మోసుకొచ్చిన పిచ్చుకను అందులో పడుకోబెట్టాడు. పక్కన ఒక కత్తి పెట్టాడు... సన్నటి, నాలుకలాంటి కత్తి. దాన్ని చూడగానే మిషనక్కకు తెలిసిపోయింది. వీడు వదలడు! తల్లి ఆత్మకు ఒళ్ళు కావాలి. ఆ ఒళ్ళు తన పిచ్చుకది!

ఆమె మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాయిల్‌ను అటూ ఇటూ ఆడిస్తూ నడిచింది. గాలం... కాదు. డబ్బా... కాదు. గొలుసు ముక్క... కాదు. గుండె చప్పుడు మిషన్ చప్పుడును మింగేస్తోంది. సగం సూర్యుడు మాయమయ్యాడు. ఒడ్డునుంచి వాడి అరుపు: "త్వరగా! నీ చెల్లెలి ఊపిరి నా గుప్పిట్లో ఉంది!"

అప్పుడు వినిపించింది. పొడుగు మేకు అడ్డంగా ఉంటే వచ్చే జంటపలుకు... టిక్‌టిక్!

పార దించింది. రెండుసార్లు బురద. మూడోసారి ఒక గుండ్రటి బరువు.

కపాలం! కంటిగుంతల నిండా నల్లటి ఇసుక, దవడల్లో గవ్వలు! నెత్తిమీద ఏడు బుడిపెలు. తుప్పూ సున్నమూ ఇసుకా కలిసి మేకుల చుట్టూ రాళ్ళలా పెరిగాయి. ఆమె ఒంగి నిలబడి, వాడికి కనబడకుండా ఒక్కో బుడిపె మీదా కాయిల్ అంచును తిప్పింది.

ఒకటి... మౌనం. రెండు... మౌనం. మూడు, నాలుగు, అయిదు, ఆరు... మౌనం!

ఏడోది మాత్రం టిక్‌మంది.

ఉప్పునీళ్ళలో ఇనుము ఎన్నాళ్ళు బతుకుతుంది? లోపలి మేకు కరిగి కారిపోతుంది. పైన పెంకు మాత్రం మిగులుతుంది. గుండుసున్నా! ఇరవై ఏళ్ళుగా ఇలాంటి ఖాళీ పెంకుల్ని ఎన్నింటినో చిదిమి పారేసిందామె. ముప్ఫై ఏళ్ళలో ఆరు మేకుల్ని సముద్రం తినేసింది!

ఒడ్డుకు వచ్చింది. వాడు బుడిపెలు తడిమి లెక్కపెట్టుకుని కూడా నమ్మలేదు.

"మిషన్ పెట్టు. ఏడూ మోగాలి. నేను వింటాను." హెడ్‌ఫోన్స్ లాక్కుని చెవులకు పెట్టుకున్నాడు.

మిషనక్క కపాలాన్ని ఎడమచేత్తో పట్టుకుని మోకాళ్ళ మీద కూచుంది. పక్కనే ఇసుకలో గుచ్చిన ఉక్కుపార. మెల్లగా చీరకొంగు దానిమీద జార్చింది. కపాలాన్ని ఆ కొంగుమీద ఆనించింది. కాయిల్ మొదటి బుడిపె మీదికి తెచ్చింది... కింద పార అంచు మీదికి కూడా!

టిక్!

వాడి పెదవులు విచ్చుకున్నాయి. రెండు... టిక్! మూడు... టిక్! ఆమె మణికట్టు వెంట్రుకవాసి జరిగినా అంతా బూడిదే. నాలుగు... అయిదు... ఆరు... ఏడు!

"శభాష్!" వాడు కపాలాన్ని లాక్కుని ఆమెను ఒక్క తన్ను తన్నాడు. ఆమె వెల్లకిలా పడింది. "పిచ్చిదానా! వదిలేస్తాననుకున్నావా? చూస్తూ ఉండు... నీ చెల్లెలి ప్రాణం చివరి బొట్టుదాకా ఎలా కారుతుందో!"

సూర్యుడు పూర్తిగా ఆరిపోయాడు! నల్లటి బింబం చుట్టూ పాలిపోయిన వెలుగు. ఫెళఫెళార్భాటంగా ఉరిమింది. వాడు పిచ్చుక అరచేతిని కత్తితో నిలువునా చీరాడు. ఆ నెత్తుటిని మొదటి బుడిపె మీద పిండుతూ గర్జించాడు.

"లే! నా బానిసా, లే! ఈ దేహంలో ప్రవేశించు!"

బుడిపె... పొడి పొడిగా రాలిపోయింది.

రెండోది రాలింది. మూడోది రాలింది. వాడి వేళ్ళమధ్య నెత్తుటి తుప్పు! ఆరోది రాలేసరికి వాడి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

పిచ్చుక లేచి కూచుంది. తెల్లటి కళ్ళతో వాడికేసి చూసి నవ్వింది. "బాబూ..."

"మోసం!" వాడు పెడబొబ్బ పెట్టాడు. మిగిలిన ఒక్క మేకుమీద బొటనవేలు నొక్కి పట్టాడు. "ఒక్కటుంది! ఒక్కటి చాలు! ఆగు! నా ఆన! ఆగు!"

పిచ్చుక ఒళ్ళు కొరడాదెబ్బ తిన్నట్టు మెలికలు తిరిగింది. ముక్కులోంచి నెత్తురు. గొంతులో రెండు గొంతులు కలిసి ఏడుస్తున్నాయి... ఒకటి ముసలిది, ఒకటి తన చెల్లెలిది!

"అక్కా!"

ఆ ఒక్క పిలుపు చాలు. మిషనక్క లేచింది. ఉక్కుపార రెండు చేతులా ఎత్తింది. వాడి బొటనవేలు, మేకు, ఎముక... అన్నిటిమీదా కలిపి దించింది!

వేలు తెగి ఎగిరిపడింది. మేకు ఊడి ఇసుకలో దొర్లింది.

అప్పుడు సముద్రం కదిలింది. హోరు లేకుండా, అల లేకుండా, నున్నటి నల్లటి నీరు వలయం దాకా పాకివచ్చి బూడిదను నాకేసింది. పిచ్చుక లేచి నిలబడింది. ఆ సన్నటి చేయి చాచి వాడి జుట్టు పట్టుకుంది. ఎద్దులాంటి మనిషి... పసిపిల్లాడిలా ఈడ్చుకుపోబడ్డాడు!

"ఒళ్ళంతా బురద చేసుకున్నావేం నాన్నా? రా, స్నానం చేద్దువుగాని."

"అమ్మా! వద్దమ్మా! తప్పయిపోయిందమ్మా!"

మోకాలి లోతు నీళ్ళలో వాడి తల ముంచింది. ఎత్తింది. మళ్ళీ ముంచింది. తొందరలేదు, కోపంలేదు. ఎత్తిన ప్రతిసారీ వాడి నడినెత్తిన ఒక కొత్త రంధ్రం! ఒకటి... రెండు... మూడు... ప్రతి రంధ్రానికీ ముందు ముద్దుగా అడుగుతోంది: "ఏం నాన్నా, ఆకలేస్తోందా?" ఏడో దానితో వాడు తన్నుకోవడం మానేశాడు. శవం నీళ్ళలోకి జారిపోయింది.

పిచ్చుక మాత్రం వెనక్కి తిరగలేదు. తన చేతుల్ని తనే తిప్పి తిప్పి చూసుకుంటోంది. "చిన్న వయసు... ఒళ్ళు వెచ్చగా ఉంది..." అని గొణిగింది ముసలి గొంతు.

ఏం చెప్పాలి? ఏం ఎర చూపాలి? మిషనక్క నోటికొచ్చినదే అనేసింది.

"అమ్మా... మీవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. మీ పని అయిపోయిందా?"

తెల్లటి కళ్ళు సముద్రంకేసి తిరిగాయి. చాలాసేపు చూశాయి. పెదవులు మెల్లగా సాగాయి.

"ఎక్కడమ్మా... ఇప్పుడేగా మొదలైంది."

అంతే! పిచ్చుక నీళ్ళలో కుప్పకూలింది. నల్ల బింబం అంచున వెలుగుచుక్క ఒకటి తళుక్కుమంది. మిషనక్క చెల్లెల్ని భుజాన వేసుకుని, మీదికొస్తున్న నీళ్ళలో పడుతూ లేస్తూ ఒడ్డు చేరింది. కొంగు చించి చీరుకుపోయిన అరచేతికి కట్టు కట్టింది. పిచ్చుక కళ్ళు తెరిచింది. నల్లటి, తన సొంత కళ్ళు.

"అతనేడీ అక్కా?"

"వాళ్ళమ్మ తీసుకెళ్ళింది."

పిచ్చుక తల తడుముకుంది. "ఆవిడ నాలో ఉన్నప్పుడు నా తల నిమిరింది... మంచిదేనా ఆవిడ?"

అక్క చెల్లెలి రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసి, వీధికేసి నడిపించుకుపోయింది. వెనక, పగటివెలుగు పరుచుకున్న ఆ నీళ్ళ అడుగునుంచి, చచ్చినవాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

"అమ్మా... అమ్మా... అమ్మా!"