ఉప్పు లేని నీళ్ళు

కూరకి ఉల్లిపాయలు తీద్దామని సోలెన్ నేలచెక్క ఎత్తేసరికి, పడవ అడుగున నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో తేలుతూ ఉల్లిపాయలు.

"ఎర్వాన్! మునిగిపోతున్నాం!"

పైన చేపలు శుభ్రం చేస్తున్న ఆమె మొగుడు తల వంచి చూడనైనా లేదు. "రుచి చూశావా?"

ఫ్రాన్సులోని బ్రిటనీ తీరాన ఈ పడవెక్కిన రోజున అతను నేర్పిన మొదటి పాఠం అది. పడవలో నీళ్ళు కనిపిస్తే ముందు నాలుక మీద వేసుకో. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికొస్తోందని, చప్పగా ఉంటే మన ట్యాంకే కారుతోందని.

సోలెన్ వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. చప్పగా ఉన్నాయి. గుండె కుదుటపడింది, అంతలోనే మళ్ళీ జారింది. పసిఫిక్ మధ్యలోని ఈ పగడపు దీవిలో వాగూ లేదు, మంచి బావీ లేదు. తాగడానికి వాననీళ్ళే గతి.

"ఉప్పు లేదు."

"అయితే మునగం."

"పెద్ద ట్యాంకు మొత్తం పోయింది మహానుభావా!"

"అయ్యో," అన్నాడు ఎర్వాన్. ఆ అయ్యో కాస్త ఆలస్యంగా వచ్చింది.

నీళ్ళకి డీజిల్ వాసన పట్టేసింది. ఇద్దరూ చేతిపంపుతో సముద్రంలోకి తోడిపోశారు. గ్లాసుడు నీళ్ళతో గడ్డం గీసుకునే మనిషి అతను. మొన్న ఆమె తలస్నానానికి ఒక చెంబు ఎక్కువ వాడిందని సాయంత్రం దాకా మూతి ముడుచుక్కూర్చున్నాడు. అలాంటివాడు ఇన్ని నీళ్ళు పారబోస్తూ ఒక్క తిట్టూ తిట్టలేదు.

"మరి రేపు ఫకరావా సంగతి?" అంది సోలెన్. ఆమె విమానం ఎక్కాల్సింది ఆ దీవిలోనే. బ్రిటనీలోని లోరియాంలో నర్సు ఉద్యోగం. పెట్టిన సెలవు అయిపోయింది. ఈ నెలాఖరుకల్లా చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

"ఖాళీ ట్యాంకుతో లంగరు ఎత్తను. తెలుసుగా."

"ఒక్క రాత్రి ప్రయాణం. రెండు డబ్బాల నీళ్ళు చాలు."

"నియమం నియమమే."

"నీ నియమం కోసం విమానం ఆగదు బాబూ."

అతను స్క్రూడ్రైవర్ తీసుకుని ట్యాంకు వైపు వంగాడు. అసలు ఈ విషయంలో ఎప్పుడు మాట్లాడాడు గనక! వెళ్ళనా, ఉండనా అని ఆమె కాఫీ తాగుతూ అడిగింది. చిరిగిన తెరచాప కుడుతూ అడిగింది. అతని భుజం మీద తల ఆనించి కూడా అడిగింది. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "నీ ఇష్టం." ఆ మాట వింటే ఆమెకి పడవ దిగిపోవాలనిపించేది. గాలి, తెరచాప, నాలుగు చేపలు ఉంటే ఈ మనిషికి తను లేకపోయినా గడిచిపోతుందేమో.

ట్యాంకు దగ్గర గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు వదులైంది. తుప్పు లేదు, గొట్టం చిరగలేదు.

"అలల కుదుపుకి లూజై ఉంటుంది," అన్నాడు ఎర్వాన్, మర బిగిస్తూ.

సోలెన్ బయటికి చూసింది. పగడపు దిబ్బల మధ్య లంగరు వేసిన మడుగు అద్దంలా ఉంది. వారం రోజులుగా కప్పులో కాఫీ కూడా తొణకలేదు.

మధ్యాహ్నానికి తూర్పున మబ్బు కమ్మింది. కొబ్బరి ఎండబెట్టుకుని మోటారు పడవలో ఇంటికి పోతున్న దీవి ముసలామె తెహీనా కేకేసింది.

"ఒరే అబ్బాయ్! వానొస్తోంది, టార్పాలిన్ కట్టుకో! అమ్మాయ్, రేపెళ్ళిపోతే నా కాలి పుండుకి ఎవరు కట్టు కడతారే?"

"వాన దయ, తెహీనమ్మా!" అంది సోలెన్.

"వీడికేమైంది? వానంటే చొక్కా విప్పి గంతులేసేవాడు, ఇవాళ మొహం వేలాడేశాడేం?"

సోలెన్ మొగుడి మొహంలోకి చూసింది. అప్పుడు అర్థమైంది.

"ట్యాంకు నిండిపోతుందని బెంగ," అంది.

తెహీనా నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. వాన ముందు మొహమాటంగా నాలుగు చినుకులు రాల్చి, ఆనక సిగ్గు విడిచి కురిసింది. పడవ మీద కట్టిన టార్పాలిన్ బొజ్జలా కిందికి దిగింది. దాని కొసకి గొట్టం తగిలించి ట్యాంకులోకి వదలాలి. గొట్టం ఎర్వాన్ చేతిలోనే ఉంది. నీళ్ళు అంచుమీంచి సముద్రంలోకి పోతున్నాయి.

"నీళ్ళు పోతున్నాయి, ఎర్వాన్."

"పోనీ."

"క్లిప్పు ఎవరు వదులు చేశారు?"

అతను గొట్టం వైపు చూస్తూ చెప్పాడు.

"నేనే. పొద్దున్నే నువ్వు లేవకముందు, స్క్రూడ్రైవర్ పట్టుకుని దొంగలా కూర్చున్నాను. ఆ కారే చప్పుడు వింటుంటే ప్రాణం ఉసూరుమంది. సగంలో బిగించేద్దామనుకున్నా. అంతలో నువ్వు నిద్రలో ఇటు తిరిగి, నా దిండు తడుముకున్నావు. ఇంక చెయ్యి రాలేదు. నీ ఇష్టం అన్నది పెద్దమనసుతో కాదు సోలెన్. ఉండమని అడిగితే కాదంటావేమోనని భయం. ఇప్పుడు అడుగుతున్నా, వెళ్ళకు. వెళ్ళాల్సిందే అంటే ఈ గొట్టం ఇప్పుడే పెడతాను, రేపు నేనే దిగబెడతాను. కానీ నా ఇష్టమేంటో విని వెళ్ళు."

"ఈ ఒక్క మాట చెప్పడానికి ట్యాంకుడు నీళ్ళు పారబోయాలా?"

సోలెన్ గొట్టం లాక్కుని పక్కన పడేసింది. టార్పాలిన్ తాడు విప్పింది. బొజ్జెడు వాననీళ్ళు ఒక్కసారిగా ఇద్దరి నెత్తినా పడ్డాయి.

"తెహీనమ్మ కట్టు ఎల్లుండి మార్చాలి," అంది, అతని చొక్కా పట్టుకుని, ఊపిరాడక నవ్వుతూ. "ఇంకేమైనా దాచావా?"

"ఒకటుంది," అన్నాడు ఎర్వాన్, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ. "ఉల్లిపాయలు అక్కడున్నాయని మర్చిపోయాను. వాటిని తడపాలనుకోలేదు, ఒట్టు."