బెలూన్ పంపిన అంకెలు

వానొస్తుందని చెప్తే ఎండ కాస్తుంది, ఎండ అని చెప్తే వాన ముంచేస్తుంది. వాతావరణం చెప్పేవాడి బతుకు ఇంతేనండీ. ఆఫీసులో ఆయన్ని గొడుగు సారు అనేవాళ్ళు, మండుటెండలో కూడా గొడుగుతోనే వస్తాడని. ఆరోజు బయల్దేరుతుంటే భార్య గుమ్మంలోనే చురక అంటించింది.

"బట్టలు ఆరేయాలా, వద్దా? మీరేదో ఒకటి చెప్పండి. దానికి తిరగేసి చేస్తా."

ఆయనకి ఒళ్ళు మండింది. కానీ ఏమనగలడు? పోయిన వారం తుఫాను అన్నాడు, చినుకు రాలలేదు. ఆ మాట నమ్మి ఆమె తమ్ముడు వారమంతా పడవ ఒడ్డునే కట్టేసుకున్నాడు. వాడే మళ్ళీ మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"బావా, సాయంత్రం సముద్రంలోకి వెళ్దామనుకుంటున్నా. ఈసారన్నా సరిగ్గా చెప్పు."

"బెలూన్ పంపుతున్నాన్రా. నేను ఫోన్ చేసేదాకా తాడు విప్పకు."

ఆ బెలూన్ మనిషికన్నా పెద్దది. కింద సబ్బుపెట్టె అంత యంత్రం వేలాడుతుంది. పైన ఎంత చలో, ఎంత తేమో, తానెక్కడ ఎంత ఎత్తులో ఉందో, ఎక్కుతూనే కింద స్క్రీన్‌కి పంపుతుంటుంది. వదిలేముందు పనిచేస్తుందో లేదో చూడ్డానికి దానిమీద హా అని ఊదుతారు, కళ్ళద్దాలు తుడుచుకునేముందు ఊదినట్టు. తేమ అంకె పెరిగి, తగ్గుతుంది. గొడుగు సారూ అలాగే ఊదాడు. పెరిగింది, తగ్గింది. వదిలేశాడు.

సాయంత్రానికే మబ్బు కమ్మి ఆఫీసు గదంతా బూడిదరంగుకి తిరిగింది. ఎక్కడా చినుకు లేదు, కానీ నానిన తాళ్ళ వాసన. స్క్రీన్ మీద చలి పెరుగుతోంది, పెరుగుతోంది... ఆగింది. తర్వాత వేడెక్కడం మొదలుపెట్టింది. మనిషి ఒంటి వేడికొచ్చి నిలబడిపోయింది.

అప్పుడు తేమ అంకె పెరిగింది.

తగ్గింది.

మళ్ళీ పెరిగింది...

ఆయన పై అధికారికి ఫోన్ చేశాడు. "సార్, పైన పెట్టె మీద... ఎవరో ఊదుతున్నట్టుందండి."

"పోయిన వారం పరువు తీశావు, చాల్లేదా? పెట్టె పాడైంది. ఇంకోటి పంపు."

"ఉన్నది అదొక్కటేనండి. ఇంకోటి కావాలని ఎన్నిసార్లు..."

అవతల పెట్టేశాడు. ఎప్పుడూ అంతే, సగం మాట కూడా వినడు. తుఫానో కాదో తర్వాత సంగతి, ముందు ఆ పడవని ఆపాలి. బామ్మర్దికి ఫోన్ కలిపాడు. ఎత్తేసరికి వెనక ఇంజను చప్పుడు.

"బయల్దేరిపోయా బావా."

"ఎవడ్రా వెళ్ళమంది?"

"నువ్వేగా. ఇందాకేగా ఫోన్ చేశావు." వాడు నవ్వాడు. "అంత ఆయాసమేంటి బావా, మాటకీ మాటకీ మధ్య హా... హా... అంటున్నావు? మెట్లెక్కొచ్చావా?"

గొడుగు సారు కుర్చీలోంచి లేచాడు. "నేను చెయ్యలేదురా..." ఫోన్‌లోకి అరిచాడు. "వెనక్కి తిప్పు."

"వినబడట్లేదు బావా. ఉన్నట్టుండి గాలి..."

లైన్ తెగిపోయింది.

స్క్రీన్ మీద ఎత్తు తగ్గుతోంది. బెలూన్ పగిలితే పెట్టె దబ్బున పడాలి. ఇది పడట్లేదు. ఆగి ఆగి దిగుతోంది. ఊరు దాటింది. ఒడ్డు దాటింది. నీళ్ళమీదకొచ్చి ఆగింది.

ఫోన్ మోగింది. బామ్మర్ది నంబరే. గబుక్కున చెవికి ఆనించుకున్నాడు.

"ఒరేయ్... ఎక్కడున్నావురా?"

ఇంజను చప్పుడు లేదు.

హా... అని ఎవరో ఊదారు.

స్క్రీన్ మీద తేమ అంకె పెరిగింది.