అత్తయ్య ఆఖరి గౌను

ఇనప్పెట్టె మూత ఎత్తిన కోడలు అక్కడే కొయ్యబారిపోయింది!

గౌను ఉంది. అదే నీలం పట్టు, అదే తెల్ల కాలరు... కానీ ఎవరో దాన్ని విప్పి మళ్ళీ కుట్టారు! భుజాల దగ్గర, నడుం దగ్గర, రెండు పక్కలా కొత్త దారం మెరుస్తోంది.

అది మామూలు గౌను కాదు. అత్తయ్య తన చివరి ప్రయాణం కోసం కుట్టుకున్న గౌను! వాళ్ళది దర్జీల ఇల్లు. వీధి గదిలో రెండు మిషన్లు, ఒకటి అత్తయ్యది, ఒకటి కోడలిది. డెబ్బై ఎనిమిదో ఏట అత్తయ్య ఆయాసంతో ఆసుపత్రిలో పడింది. ఇంటికొస్తూనే బీరువాలోంచి పట్టు తీసి బల్ల మీద పరిచింది. "జన్మంతా ఊరందరికీ కుట్టి, పోయేనాడు బజార్లో కొన్నది వేసుకుని పోతానా? రేపో మాపో అన్నట్టున్నాను. కత్తెర ఇలా ఇయ్యి!" అంది.

ఆ రేపూ రాలేదు, మాపూ రాలేదు. ఇవాళ్టితో ఆవిడకి తొంభై రెండు నిండాయి!

ఏటా పుట్టినరోజు పొద్దున్న ఆ గౌను వేసి చూసుకోవడం ఆవిడకి అలవాటు. ఏటా మనిషి కాస్త చిక్కుతుంది. కోడలు నోట్లో గుండుసూదులు పెట్టుకుని గౌను బిగిస్తుంది. ఎదిగే పిల్లల బట్టలకే లోపల గుడ్డ వదలాలి, పెద్దవాళ్ళకి వదిలితే దండగ అన్నది అత్తయ్య నేర్పిన మొదటి పాఠం. కానీ ఈ గౌను దగ్గర మాత్రం, "కొయ్యకు! లోపలికి మడిచి కుట్టు. ఎవరికైనా పనికొస్తుంది" అనేది.

"ఈ ఏడైనా వాడతావా అమ్మా, మళ్ళీ పెట్టెలోకేనా?" అని కొడుకు వేళాకోళమాడేవాడు.

"బట్టతల వచ్చినా నీకు తొందర తగ్గలేదురా!" అని ఆవిడ కసిరేది.

అత్తయ్య పుట్టింటి ఆయుష్షే అంత. ఎనభై ఏడేళ్ళకి పోయిన అన్నగారిని తలుచుకుని ఆవిడ ఇప్పటికీ, "పసివాడు... ఏం చూశాడని పాపం!" అంటూ కళ్ళొత్తుకుంటుంది. కోడలి పుట్టిల్లు అలాంటిది కాదు. తల్లి యాభై నిండకుండానే పోయింది. ఆ వెనకే పిన్ని. ఇద్దరికీ అదే... చంక కింద గడ్డ!

ఆ గడ్డే మూడు వారాల కిందట కోడలి చేతికి తగిలింది. స్నానం చేస్తుంటే, ఎడమ చంక కింద, బఠాణీ గింజంత! ఎవరికీ చెప్పలేదు. భర్తకి చెబితే గుండె పట్టుకుంటాడు. అత్తయ్యకి చెబితే... ఆ వయసులో ఆ మనిషికి ఈ కబురా! గుండీలు కొనుక్కొస్తానని చెప్పి ఆసుపత్రికి వెళ్ళింది. గడ్డ తీసి పరీక్షకి పంపారు, కుట్లు వేశారు. ఫలితం ఇవాళ మధ్యాహ్నం చెబుతారు.

ఇప్పుడీ గౌను!

కుట్టు చూడగానే ఎవరి పనో తెలిసిపోయింది. చేతికుట్టు. అక్కడక్కడా వణికినా వరస తప్పలేదు. ఆ చేతి కింద ముప్ఫై ఏళ్ళు పనిచేసిన కోడలికి అది పోల్చుకోవడం కష్టమా? అయితే ఏళ్ళ తరబడి బిగించిన గౌనుని అత్తయ్య ఎందుకు వదులు చేసినట్టు? ఆమెకి ఏదో అనుమానం వచ్చింది. తలుపు వేసి, గౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడింది.

అచ్చంగా సరిపోయింది!

భుజాలు సరి. నడుం సరి. పొడుగు సరి. కొలతలు తీసి కుట్టినా అంత నప్పదు! చావు గౌను... తన కొలతకి! అంటే అత్తయ్యకి తెలిసిపోయిందా? తెలిసి, కోడలే ముందు పోతుందని తేల్చేసుకుని, బట్టలు కూడా సిద్ధం చేసేసిందా! ఇన్నేళ్ళు ఈవిడకి తలంటింది, గోళ్ళు తీసింది, పళ్ళు లేని నోటికి అన్నం మెత్తగా మెదిపి పెట్టింది... కన్నతల్లికి చేసే భాగ్యం లేకపోయిందని, ఆ ప్రేమంతా ఈవిడకే ధారపోసింది. దానికి ప్రతిఫలం ఇదా!

తలుపు తోసుకుని, కర్ర టకటకలాడించుకుంటూ అత్తయ్య లోపలికి వచ్చింది. ఎగాదిగా చూసింది.

"వెనక్కి తిరుగు. వీపు దగ్గర ముడత పడిందా ఏమిటి?"

కోడలికి ఏడుపు కట్టలు తెంచుకుంది. "అత్తయ్యా! మీకు నేనేం అపకారం చేశాను? నేను పోతానని మీరే నిశ్చయం చేసేశారా? మా అమ్మ పోయింది, పిన్ని పోయింది, ఇక దీని వంతేనని బట్టలు కూడా కుట్టేశారా!"

"ఎవరు పోవడం? ఎక్కడికి పోవడం?" అంటూ సగం గడ్డానికి సబ్బు నురగతో భర్త పరిగెత్తుకొచ్చాడు.

"నాకు గడ్డ లేచిందండీ..." అని కోడలు నేల మీద కూలబడిపోయింది. మూడు వారాలుగా దాచిందంతా ఏడుపుతో కలిసి బయటికి వచ్చేసింది. ఆయన మొహం పాలిపోయింది. నురగ కారి చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

అత్తయ్య కర్రతో నేల మీద ఠంగున కొట్టింది.

"ఏడుపు తరవాత. ముందు చెయ్యెత్తు."

"అత్తయ్యా..."

"ఎడమ చెయ్యి! పైకి!"

కోడలు భయపడుతూనే ఎత్తింది. ఎత్తి, అలాగే ఉండిపోయింది. నొప్పి లేదు! ఈ వారమంతా ఏ బట్ట తొడిగినా ఆ కుట్ల మీద ఒరుసుకుని ప్రాణం తోడేసేది. ఇది ఒరుసుకోలేదు. చంక కింద తడిమి చూసుకుంది. కుడివైపు మామూలుగానే ఉంది. ఎడమవైపు మాత్రం కాస్త వెడల్పుగా కత్తిరించి, లోపల ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నూలుగుడ్డ ముక్క వేసి ఉంది. అత్తయ్య పాత దిండుగలీబు గుడ్డ!

పోయేవాళ్ళ పుండుకి బట్ట ఒరుసుకుంటుందేమోనని ఎవరూ చూడరు. బతికి, చెయ్యెత్తి పనిచేసుకునేవాళ్ళకే ఆ జాగ్రత్త!

"మీకు... ఎలా తెలిసింది అత్తయ్యా?"

"గుండీలకని వెళ్ళి గుండీలు లేకుండా వచ్చావు. దర్జీది గుండీలు మర్చిపోతుందిటే? అప్పట్నుంచీ చెయ్యి ఎత్తకుండా కత్తిరిస్తున్నావు. నీ పక్క మిషన్ మీద కూర్చున్నది మనిషా, బొమ్మా?" ఆవిడ మంచం అంచున కూర్చుని కోడలి తల ఒళ్ళోకి లాక్కుంది. "పిచ్చిపిల్లా... ఈ గౌను కుట్టకముందు ఏడాదికోసారి ఆసుపత్రిలో పడేదాన్ని. కుట్టి పెట్టెలో పెట్టానో లేదో, ఒక్క జ్వరం నన్ను ముట్టుకోలేదు! యముడొచ్చి గౌను చూసి, ఈ ముసలిది తయారుగానే ఉంది, ఎప్పుడైనా తీసుకుపోవచ్చులే అని వెళ్ళిపోతున్నాడు. ఇంతకన్నా గట్టి రక్ష ఈ ఇంట్లో ఏదుంది? నా దగ్గరున్నదాంట్లో మంచిది అదే. అందుకే నీకు కుట్టాను."

"మరి మీకో?"

"నాకు చావడానికి తీరికేదీ? నిన్ను చూసుకునేదెవరు, వీడా? వీడు నురగ తుడుచుకోవడమే ఎరగడు!"

కొడుకు గబగబా గడ్డం తుడుచుకున్నాడు. నురగతో పాటు కన్నీళ్ళు కూడా.

మధ్యాహ్నం ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు, కోడలు ఆ గౌనుతోనే. వద్దన్నా అత్తయ్య వినలేదు. ఆ వరండా బల్ల మీద, మందుల వాసనలో, కోడలి మోకాలి మీద ముడతలుపడ్డ చెయ్యి వేసి కదలకుండా కూర్చుంది. పిలుపు వచ్చాక కోడలికి గుమ్మం దాటడమే గండమైంది. డాక్టరమ్మ కాగితం చదివి, కళ్ళద్దాలు తీసింది. ఆ కాసేపట్లో కోడలు తన తల్లి మొహాన్ని తలుచుకుంది...

"భయపడాల్సిందేం లేదమ్మా. ఉత్త కొవ్వుగడ్డ. తీసేశాం, అయిపోయింది. హాయిగా ఇంటికెళ్ళండి!"

మాట వినబడింది. అర్థం కావడానికే కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక కోడలు వెక్కివెక్కి ఏడ్చింది. భర్త కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. అత్తయ్య మాత్రం ఆ కుట్లు తనకోసారి చూపించమని పట్టుబట్టింది. దగ్గరగా వంగి చూసి పెదవి విరిచింది.

"వైద్యం బాగానే చేశావు తల్లీ. కుట్టే కాస్త వంకర."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "ఈ గౌను కుట్టినవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి కాబోలు! ఎంత బావుందో! ఏ వేడుకకి కుట్టించారు?"

"నా చావుకి," అంది అత్తయ్య నిబ్బరంగా. డాక్టరమ్మ నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చీ రాగానే అత్తయ్య చెయ్యి చాపింది. "నీకిక ఏ భయమూ లేదుగా. నా గౌను నాకిచ్చెయ్!"

"ఇవ్వను!" కోడలు రెండు చేతులతో గౌనుని గట్టిగా పట్టుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో అత్తగారి మాటకి ఎదురుచెప్పడం ఆమెకిదే మొదలు! "నాకిది కావాలి అత్తయ్యా. మీకు కొత్తది కుడతాను."

అలమరలోంచి మెరూన్ పట్టు తీసి బల్ల మీద పరిచింది. టేపు మెళ్ళో వేసుకుని అత్తయ్య కొలతలు తీసింది. ఎంత చిక్కిపోయింది ఈ మనిషి... అయినా ఎంత నిటారుగా నిలబడింది! సుద్దముక్కతో కొలత ప్రకారం గీత గీసి, పాత పాఠం గుర్తొచ్చి, నవ్వుతూ తలెత్తింది.

"పెద్దవాళ్ళకి లోపల గుడ్డ వదిలితే దండగ కదూ అత్తయ్యా? సరిగ్గా గీతకే కత్తిరించెయ్యనా?"

అత్తయ్య బోసినోరు చప్పరించింది. కొడుకువైపు చూసింది, కోడలివైపు చూసింది. తరవాత సుద్దముక్క తనే లాక్కుని, గీతకి అవతలగా, బాగా అవతలగా, ఇంకో గీత గీసింది.

"వదులు. ఎదిగే వయసు!"